గాలం వేటకు మంచి పేరు ఎక్కడ వచ్చింది, ఎలా వచ్చింది?

క్లుప్తంగా: సరదాగా గాలం వేసేవారి గురించి మీడియా ఒకే మాట మీద ఉండదు. ఒకసారి ప్రకృతి ప్రేమికులంటుంది, ఇంకోసారి మూగజీవాలను హింసించేవాళ్లంటుంది. ఈ పేరు మారిన చోట్ల ప్రచారం కంటే రెండు విషయాలు ఎక్కువ పనిచేశాయి. ఒకటి, చేపను పట్టే పద్ధతిని మార్చుకోవడం. రెండోది, నది గురించి ఇంకెవరి దగ్గరా లేని సమాచారం గాలం వేసేవారి దగ్గర ఉండటం. బ్రిటన్‌లో ఈ రెండూ కుదిరాయి. కర్ణాటకలోని కావేరి తీరంలో సమాచారం ఉండి కూడా అది సమయానికి జనానికి చేరలేదు.

సెలవు రోజు తెల్లవారకముందే రాడ్, రీల్ సర్దుకుని చెరువుకో, నదికో బయల్దేరేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. వీళ్లు బతుకుదెరువు కోసం వల వేసే మత్స్యకారులు కారు. పట్టిన చేపను కొందరు ఇంటికి తెచ్చుకుంటారు. కొందరు కొలిచి, ఫొటో తీసుకుని మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. ఈ రెండో పద్ధతికే ‘క్యాచ్ అండ్ రిలీజ్’ అని పేరు.

వార్తల్లో వీళ్లు ఒకచోట నదికి కాపలాదారులుగా, ఇంకోచోట అభయారణ్యంలో చొరబడ్డ వేటగాళ్లుగా కనిపిస్తారు. చదివేవారికి అయోమయం సహజమే, ఎందుకంటే ఈ రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఏ నిజం ఎప్పుడు పైకి వస్తుందన్నది విలేఖరి చేతికి ముందుగా ఏం అందిందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎక్కువసార్లు ముందుగా అందేది ఫొటో.

### ఫొటో కోసం గాల్లో గడిచే నిమిషం

గాలం వేట వార్తకు ఎక్కడైనా ఒకటే బొమ్మ: రెండు చేతుల్లో పెద్ద చేప, వెనక నవ్వుతున్న మనిషి. పోటీలు పెట్టేవాళ్లు ఇచ్చేది అదే, రాడ్లు, రీళ్లు అమ్మే కంపెనీలు ఇచ్చేదీ అదే, యూట్యూబ్ థంబ్‌నెయిల్ మీదా అదే. పొద్దంతా ఏమీ పడకుండా గడిచిన గంటలు, ఒడ్డున గుర్తుపట్టిన పిట్టలు, మొన్నటికీ ఇవాళ్టికీ నీటి రంగులో వచ్చిన తేడా ఆ ఫ్రేములో పట్టవు. ఈ సరదా తెలియనివారికి మిగిలేది ఊపిరాడక నోరు తెరిచిన చేప, దాని పక్కన నవ్వు. హింస అన్న మాట అక్కడే పుడుతుంది.

ఆ ఫొటో వల్ల చేపకు నిజంగానే ముప్పుంది. చేప మొప్పల్లోని పలుచని పొరలు నీళ్లలో విచ్చుకుని ఉంటాయి. గాల్లోకి రాగానే ఒకదానికొకటి అంటుకుపోతాయి, ఆక్సిజన్ అందడం ఆగిపోతుంది. గాలానికి చిక్కి పెనుగులాడి అలసిపోయిన చేపకు ఆక్సిజన్ మామూలు కంటే ఎక్కువ కావాల్సింది సరిగ్గా అప్పుడే. 1992లో ఫెర్గూసన్, టఫ్ట్స్ అనే కెనడా పరిశోధకులు రెయిన్‌బో ట్రౌట్ చేపలను బాగా అలసిపోయేదాకా తరిమి, కొన్నిటిని వెంటనే నీళ్లలో వదిలారు, కొన్నిటిని 30 సెకన్లు, కొన్నిటిని 60 సెకన్లు గాల్లో ఉంచారు. వెంటనే వదిలిన వాటిలో 12 శాతం చనిపోయాయి. 30 సెకన్లు గాల్లో ఉన్నవాటిలో 38 శాతం, నిమిషం ఉన్నవాటిలో 72 శాతం చనిపోయాయి. అది ప్రయోగశాలలో చాలా కఠినంగా చేసిన పరీక్ష. తర్వాతి అధ్యయనాల్లో చేప జాతిని బట్టి, నీటి చల్లదనాన్ని బట్టి మరణాలు చాలా తక్కువగా కనిపించిన సందర్భాలూ ఉన్నాయి. అయినా మంచి ఫొటో కోసం పట్టే సమయం ఆ నిమిషమే.

వదిలేశాం కాబట్టి హాని లేదన్న వాదన ఇక్కడ బలహీనపడుతుంది. 2005లో బార్తొలొమ్యూ, బాన్‌సాక్ అనే పరిశోధకులు అప్పటికి వచ్చిన 274 అంచనాలను ఒకచోట చేర్చి చూశారు. వదిలిన చేపల్లో మరణాల సగటు 18 శాతం, మధ్యస్థ విలువ 11 శాతం. అంటే సగం అంచనాల్లో మరణాలు 11 శాతంలోపే, కొన్నిటిలో మాత్రం చాలా ఎక్కువ. గాలం పెదవికి కాకుండా గొంతులోకి దిగినప్పుడు, నీళ్లు వేడిగా ఉన్నప్పుడు, చాలా లోతు నుంచి పైకి లాగినప్పుడు ఆ సంఖ్య పెరుగుతుంది.

దీనికి గాలం వేసేవారి మధ్యనుంచే జవాబు వచ్చింది. కొక్కెం కొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు లేని గాలం, చేప ఒంటి జిగురు పొర పోకుండా ముందే తడుపుకున్న చేతులు, ముడులు లేని రబ్బరు వల. ‘కీప్ ఫిష్ వెట్’ అనే ఉద్యమం ఫొటో తీసే పద్ధతినే మార్చమంటోంది: చేపను నీటిలోనే ఉంచాలి, కెమెరా సిద్ధమయ్యాక ఒక్క క్షణం పైకెత్తాలి, లేదా సగం మునిగి ఉండగానే తీయాలి. అలా తీసిన బొమ్మలో చేపతో పాటు నది కూడా కనిపిస్తుంది. పేరు బాగుచేసుకోవాలనుకునే సంఘాలు అన్నిటికంటే ముందు పట్టించుకోవాల్సింది ఈ చిన్న మార్పునే.

### నొప్పి ప్రశ్న, దేశానికో చట్టం

చేపకు నొప్పి తెలుస్తుందా అన్న ప్రశ్నను 2003లో శాస్త్రవేత్త లిన్ స్నెడ్డన్ బృందం పత్రికల మొదటి పేజీల దాకా తెచ్చింది. ట్రౌట్ చేపల పెదవుల్లో తేనెటీగ విషం, ఎసిటిక్ ఆమ్లం ఎక్కించి చూస్తే అవి తిండి మానేశాయి, అటూ ఇటూ ఊగాయి, కొన్ని పెదవులను గులకరాళ్లకేసి రుద్దుకున్నాయి. హాని కలిగించే స్పర్శను గుర్తించే నాడులు ట్రౌట్ తలలో ఉన్నట్టు తేలింది. దీన్ని నొప్పి అనాలా, కేవలం శరీరపు ప్రతిచర్య అనాలా అన్న చర్చ ఇంకా తెగలేదు. క్షీరదాల మెదడులో ఉండే నియోకార్టెక్స్ చేపకు లేదు కాబట్టి నొప్పి అనుభవం ఉండదని జేమ్స్ రోజ్ వంటి శాస్త్రవేత్తలు వాదించారు. చట్టాలు మాత్రం మెల్లగా చేపవైపే మొగ్గుతున్నాయి. బ్రిటన్ 2022లో చేసిన చట్టం వెన్నెముక ఉన్న జీవులన్నిటినీ, అంటే చేపలను కూడా, బాధ తెలిసిన జీవులుగానే లెక్కిస్తుంది.

ఒక దేశంలో ఆదర్శమైన పద్ధతి మరో దేశంలో నేరం కావడం ఈ విషయంలోనే చూస్తాం. జర్మనీ జంతు సంక్షేమ చట్టం ప్రకారం వెన్నెముక ఉన్న జీవికి తగిన కారణం లేకుండా బాధ కలిగించకూడదు. తినడానికి పట్టడం తగిన కారణమే. వదిలేయడం కోసమే పట్టడాన్ని మాత్రం అక్కడ కేసుల దాకా తీసుకెళ్లారు. స్విట్జర్లాండ్‌లో వదిలేయాలన్న ఉద్దేశంతో చేపలు పట్టడం 2009 నుంచి నిషిద్ధం. బ్రిటన్, అమెరికాల్లో ‘వదిలేశాను’ అని గర్వంగా రాసుకునే మాటే జర్మనీలో చిక్కులు తెచ్చిపెట్టవచ్చు. ఒక దేశంలో పేరు తెచ్చిన ప్రచారాన్ని ఇంకో దేశం అలాగే ఎత్తుకుంటే ఎదురుదెబ్బ తగిలేది అందుకే.

### హంసల కందనకాయల్లో సీసం

విమర్శలో నిజం ఉందని ఒప్పుకుని పద్ధతి మార్చుకుంటే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఇంగ్లండ్‌లో ఉంది. గాలం దారం నీళ్లలో మునగడానికి అక్కడ తరతరాలుగా చిన్న చిన్న సీసపు గుళ్లు కట్టేవారు. తెగిన దారాలతో పాటు అవి ఒడ్డున, నది అడుగున పడిపోయేవి. హంసలకు పళ్లుండవు. తిన్న మొక్కలు నలగడానికి ఇసుకరాళ్లు మింగుతాయి, వాటితో పాటు ఈ గుళ్లనూ మింగేవి. కందనకాయలో రాళ్ల మధ్య సీసం అరిగి రక్తంలో కలిసేది. కండరాలు పట్టు తప్పి, పొడవాటి మెడ వెనక్కి ఒంగి వీపు మీద వాలిపోయేది. తిండి కిందికి దిగక హంస ఆకలితో చనిపోయేది.

1970లు, 80ల నాటికి థేమ్స్ సహా పలు నదుల్లో హంసలు బాగా తగ్గిపోయాయి. గుర్తు వేయని హంసల మీద రాజకుటుంబానికి హక్కున్న దేశం అది. మెడ వాల్చిన తెల్లటి హంస ఫొటోకు గాలం వేసేవారి దగ్గర జవాబు లేకపోయింది. 1987 నుంచి ఇంగ్లండ్‌లో 0.06 గ్రాముల నుంచి 28.35 గ్రాముల దాకా ఉన్న సీసపు బరువులను నిషేధించారు. టంగ్‌స్టన్, ఉక్కు వంటివి వాటి స్థానంలో వచ్చాయి. హంసల సంఖ్య మళ్లీ పెరిగింది, ఆ ఫొటోలు వార్తల్లోంచి తగ్గిపోయాయి. ఏ ప్రకటనల సంస్థా చేయలేని పని సీసాన్ని మానేయడం వల్ల జరిగింది.

### బ్రిటన్‌లో మురుగునీటి వార్త

బ్రిటన్‌లో గాలం వేసేవారి పేరు అన్నిటికంటే ఎక్కువగా మారింది నదుల కాలుష్యం విషయంలో. దీని వెనక పాత చరిత్ర ఉంది. 1948లో అక్కడ గాలం వేసేవారి సంఘంగా యాంగ్లర్స్ కోఆపరేటివ్ అసోసియేషన్ ఏర్పడింది, తర్వాత అదే యాంగ్లర్స్ కన్జర్వేషన్ అసోసియేషన్ అయింది. నదులను పాడుచేసే ఫ్యాక్టరీల మీద, మున్సిపాలిటీల మీద దావా వేయడమే దాని పని. 1950ల మొదట్లో డెర్వెంట్ నది విషయంలో ఒక రసాయన కంపెనీ, డెర్బీ నగర పాలక సంస్థ, విద్యుత్ సంస్థల మీద డెర్బీలోని గాలం సంఘం వేసిన దావా గెలిచింది.

ఈ గెలుపు వెనక ఆస్తి హక్కు ఉంది. ఇంగ్లండ్‌లో నదిలో చేపలు పట్టే హక్కు ఒక ఆస్తి. దాన్ని కొనొచ్చు, లీజుకు తీసుకోవచ్చు. ఆ హక్కు ఉన్న సంఘం ‘నా ఆస్తి పాడైంది’ అని నేరుగా కోర్టుకెళ్లగలదు. పక్షి ప్రేమికులకు, ఈతగాళ్లకు ఆ అవకాశం లేదు. దాంతో దశాబ్దాల పాటు నదుల తరఫున కోర్టులో నిలబడింది ఎక్కువగా గాలం సంఘాలే. 2009లో పలు సంఘాలు కలిసి యాంగ్లింగ్ ట్రస్ట్ అయ్యాక కూడా దావాలు వేసే విభాగం ఫిష్ లీగల్ పేరుతో కొనసాగుతోంది.

ఇదంతా ఉన్నా 2020కి ముందు మీడియా పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత రెండు మూడు పరిణామాలు కలిశాయి. కోవిడ్ లాక్‌డౌన్ సడలించినప్పుడు, 2020 మే 13న, ఇంగ్లండ్‌లో గాలం వేటను మొదట్లోనే అనుమతించారు. జనానికి దూరంగా, ఆరుబయట, ఒంటరిగా చేసే పని కావడం దానికి కలిసొచ్చింది, రాడ్ లైసెన్సుల అమ్మకాలు ఎగబాకాయి. మరోవైపు మురుగునీటి కంపెనీల తూముల మీద పెట్టిన మానిటర్ల లెక్కలు బయటికి రావడం మొదలైంది. 2023లో ఒక్క ఇంగ్లండ్‌లోనే నదుల్లోకి, సముద్రంలోకి శుద్ధి చేయని మురుగు సుమారు 36 లక్షల గంటల పాటు వదిలినట్టు ఆ లెక్కలు చెప్పాయి.

అంత పెద్ద అంకెను పాఠకుడికి అర్థమయ్యేలా చెప్పడానికి విలేఖరికి ఒక మనిషి కావాలి: ఆ నదిని రోజూ చూసేవాడు, పోయిన ఏడాది ఇక్కడ రాళ్లు కనిపించేవని చెప్పగలిగేవాడు. అండర్‌టోన్స్ బ్యాండ్ పాత గాయకుడు ఫియర్గల్ షార్కీ ఆ పాత్రలోకి వచ్చారు. లీ నది మీద ఉన్న పాత ఫ్లై ఫిషింగ్ (పురుగులా కనిపించే కృత్రిమ ఎరతో చేసే గాలం వేట) క్లబ్బుకు ఆయన అధ్యక్షుడు. తన క్లబ్బు నది ఎండిపోతోందని మొదలుపెట్టిన గొడవ ఆయన్ను దేశమంతటి నీటి కంపెనీలకు ఎదురు నిలబెట్టింది. టీవీ చర్చల్లో ఆయన చేప బరువు గురించి మాట్లాడరు, అనుమతి పత్రాల నంబర్లు, మురుగు గంటలు చదువుతారు. 2022 నుంచి యాంగ్లింగ్ ట్రస్ట్ వాలంటీర్లు నదుల్లో నీటి నమూనాలు తీసి ఫాస్ఫేట్, నైట్రేట్ పరీక్షలు చేస్తున్నారు. దాంతో స్థానిక పత్రికకు ప్రభుత్వ సంస్థ దగ్గర కూడా దొరకని లెక్క పక్క ఊరి గాలం క్లబ్బులో దొరుకుతోంది.

వినోద టీవీ పాత్ర కూడా తక్కువది కాదు. 2018లో బీబీసీ మొదలుపెట్టిన ఒక కార్యక్రమంలో గుండె జబ్బు నుంచి కోలుకున్న ఇద్దరు సీనియర్ కమెడియన్లు నదుల పక్కన కూర్చుని చావు గురించి, స్నేహం గురించి మాట్లాడుకుంటారు. చేప పడినా పడకపోయినా ఎపిసోడ్ నడుస్తుంది. గాలం అంటే ఆసక్తి లేనివాళ్లు కూడా దాన్ని చూశారు. ఆ ఇద్దరిలో ఒకరు, పాల్ వైట్‌హౌస్, 2023లో నదుల కాలుష్యం మీద వేరే డాక్యుమెంటరీ చేశారు.

అమెరికా దారి వేరు, అక్కడ వాదన డబ్బు మీద నడుస్తుంది. 1950 నాటి డింగెల్-జాన్సన్ చట్టం కింద రాడ్లు, రీళ్ల వంటి సామగ్రి మీద ఎక్సైజ్ పన్ను వేసి ఆ సొమ్మును చేపల సంరక్షణకు రాష్ట్రాలకు పంచుతారు. నదుల ఖర్చు భరించేది మేమేనని గాలం వేసేవారు చెప్పుకోవడానికి అక్కడ చట్టమే ఆధారం.

### కావేరి: లెక్కలున్నా వినిపించని గొంతు

మన దేశంలో ఈ కథకు అసలైన చోటు కర్ణాటకలోని కావేరి. నది ఒడ్డున ఉన్న భీమేశ్వరి, గాలిబోరె, దొడ్డమాకళి గాలం వేట క్యాంపులకు ప్రపంచం నలుమూలల నుంచీ మనుషులు వచ్చేవారు. వాళ్ల గురి మూపు మహసీర్ అనే, వీపు ఎత్తుగా ఉండే పెద్ద నది చేప మీద. ఉడికించిన రాగిపిండి ముద్దను గాలానికి గుచ్చి, రాళ్ల మధ్య వడి నీటిలో వేసి కూర్చునేవారు. 1946లో మైసూరు వాన్ ఇంగెన్ కుటుంబానికి చెందిన వ్యక్తి పట్టిన 120 పౌండ్ల, అంటే 54 కిలోలకు పైబడిన చేప ఆ నదీ వ్యవస్థ కీర్తిని దేశాలు దాటించింది.

1972లో బెంగళూరులో ఏర్పడిన వైల్డ్‌లైఫ్ అసోసియేషన్ ఆఫ్ సౌత్ ఇండియా నదిలో కొంత భాగాన్ని లీజుకు తీసుకుని కాపలా పెట్టింది. అప్పట్లో అక్కడ డైనమైట్ పేల్చి చేపలు పట్టేవారు. పేలుడుతో, విషంతో చేపలు పట్టడాన్ని 1897 చట్టం నుంచే నిషేధించినా, అడవిలో దాన్ని ఆపే మనిషి ఉండాలి కదా. క్యాంపులు స్థానికులకే కాపలా పని, గైడు పని ఇచ్చాయి. ఒకప్పుడు దొంగచాటుగా చేపలు పట్టినవారిలో కొందరికి ఆ నది మీదే నెలజీతం వచ్చింది. పట్టిన ప్రతి చేపనూ తూచి వదిలేయాలి, రిజిస్టర్లో రాయాలి.

2012 ప్రాంతంలో ఇది ఆగిపోయింది. కావేరి వన్యప్రాణి అభయారణ్యంలో గాలంతో చేప పట్టడం కూడా వేట కిందికే వస్తుందన్న అన్వయంతో క్యాంపుల్లో గాలం వేటను ఆపేశారు. నియమాన్ని చదివితే అధికారుల వాదనకు ఆధారం ఉంది, అభయారణ్యంలో వినోదం కోసం జీవిని పట్టడం ఒప్పుకోదగింది కాదన్న మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ క్యాంపుల పేరుతో నది ఒడ్డున ఏడాది పొడవునా ఉన్న మనుషులు కూడా ఆ నిర్ణయంతో తగ్గిపోయారు.

రిజిస్టర్ల విలువ ఆ తర్వాతే బయటపడింది. గాలిబోరె క్యాంపులో 1998 నుంచి 2012 దాకా రాసిన వివరాలను ఏడ్రియన్ పిండర్, రాజీవ్ రాఘవన్, రాబర్ట్ బ్రిటన్ అనే పరిశోధకులు పరిశీలించి 2015లో ప్రచురించారు. మొత్తం 23,620 గంటల వేటలో 6,161 మహసీర్లు పడ్డాయి. గంటల లెక్కన పడిన సంఖ్య కాలక్రమంలో పెరిగింది, కానీ చేప సగటు బరువు తగ్గుతూ వచ్చింది. అసలు మూపు మహసీర్ కనుమరుగవుతూ ఉంటే, హేచరీల్లో పెంచి నదిలో వదిలిన నీలిరెక్కల మహసీర్ దాని స్థానాన్ని ఆక్రమించింది. మూపు మహసీర్‌కు శాస్త్రీయ గుర్తింపు కూడా ఆలస్యంగానే దొరికింది. అది టోర్ రెమాదేవి అనే జాతి అని 2018లో తేలింది, అదే ఏడాది జాతుల ముప్పును అంచనా వేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దాన్ని అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చింది.

ఈ లెక్కలు గాలం వేసేవారికి పొగడ్త మాత్రమే కాదు. చేపలు ఎక్కువ పడుతున్నాయి కాబట్టి నది బాగుందనుకున్న సంతోషంలో అసలు జాతి తగ్గుతున్న సంగతి మరుగున పడింది. హేచరీ పిల్లలను వదలడాన్ని అప్పట్లో అందరూ మంచి పనిగానే చూశారు. అయినా ఆ నష్టాన్ని పట్టిచ్చిన ఆధారం ఇంకే శాఖ దగ్గరా లేదు, గాలం రిజిస్టర్లోనే ఉంది. ఆ రిజిస్టర్‌లోని వివరాలు 2012కి ముందే పత్రికల్లోకి వచ్చి ఉంటే చర్చ ‘విదేశీ టూరిస్టుల సరదా’ దగ్గర ఆగిపోయేది కాదు. జనం చూసిందంతా పెద్ద చేపను ఎత్తి పట్టుకున్న అతిథి ఫొటోనే.

### తెలుగు నాట పరిస్థితి

తెలుగు పత్రికల్లో, టీవీల్లో చేప వార్తలకు కొన్ని స్థిరమైన అచ్చులున్నాయి: గోదావరి పులస ధర, వలకు చిక్కిన భారీ బొచ్చె బరువు, మృగశిర కార్తె నాడు మార్కెట్లో రద్దీ, చేపలకని వెళ్లి నీట మునిగిన పిల్లలు, కరెంటు తీగలతో, జిలెటిన్ స్టిక్స్‌తో చేపలు పట్టినవారి అరెస్టు. సరదాగా గాలం వేసేవారికి విడిగా చోటు లేదు. ఆ ఖాళీని యూట్యూబ్ నింపింది. కొర్రమీను కోసం రబ్బరు కప్పను తామరాకుల మధ్య లాగే వీడియోలు, మైదాపిండి ఎర కలిపే చిట్కాలు, బెండు మునగ్గానే పెట్టే కేకలు అక్కడ బోలెడు. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనే. అది గుడ్లు పెట్టే కాలంలో, పిల్లలను వెంటేసుకుని కాపలా కాసే రోజుల్లో తల్లిదండ్రులను పట్టకూడదన్న మాట వీడియోల్లో వినిపించడం మొదలైతే చూసేవారి అభిప్రాయం మీద దాని ప్రభావం ఉంటుంది.

సమాచారం విషయంలోనూ అవకాశం ఉంది. కేంద్రం నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఎరకు సులువుగా పడుతుంది. ఏ చెరువులో, ఏ తేదీన, ఎంత పొడవుది పడిందో, దానికోసం ఎన్ని గంటలు కూర్చున్నారో రాసి పెడితే అది మత్స్యశాఖకూ పనికొస్తుంది, జిల్లా పేజీకి వార్తా అవుతుంది. గాలిబోరె రిజిస్టర్ పనికొచ్చింది కూడా అందులో గంటల లెక్క ఉన్నందువల్లే. గంటలు తెలియకుండా చేపల సంఖ్య ఒక్కటే ఉంటే, చేపలు పెరిగాయో, వేసిన గాలాలే పెరిగాయో చెప్పలేం.

అయితే బ్రిటన్ నమూనా ఇక్కడ అలాగే పనిచేయదు. అక్కడ హక్కు క్లబ్బుది. ఇక్కడ చెరువులు, రిజర్వాయర్ల మీద చేపలు పట్టే హక్కు ఎక్కువచోట్ల మత్స్యకార సహకార సంఘాలది. ముదిరాజ్, గంగపుత్ర, బెస్త కుటుంబాల బతుకు దాని మీద ఉంది. సంఘం వదిలిన చేపపిల్లలు పెరిగి రవ్వలై, బొచ్చెలైతే, వాటిని ఆదివారం కారులో వచ్చినవాళ్లు పట్టుకుపోవడం ఆ కుటుంబాలకు నష్టమే. అది సరదా కావచ్చు, సంఘానికి మాత్రం దొంగతనమే. సంఘానికి రోజువారీ రుసుము కట్టి, వాళ్లు చెప్పిన చోట, చెప్పిన సంఖ్యకే పరిమితమై గాలం వేసే ఏర్పాటు ఉంటే ఇద్దరికీ లాభం. కావేరి క్యాంపులు స్థానికులకు జీతం ఇచ్చి నిలబడ్డ తీరు ఇందుకు దగ్గరి నమూనా. మంజీరా వంటి అభయారణ్యాల్లో మాత్రం కావేరిలో తలెత్తిన చట్టం ప్రశ్నే మళ్లీ ఎదురవుతుంది, అక్కడ రుసుముతో పని జరగదు. మిగతా చెరువుల్లోనైనా ఇలాంటి అనుమతి పద్ధతి స్పష్టంగా లేనంత కాలం, గట్టు మీద సంఘం సభ్యులకు దొరికిపోయిన హాబీ వేటగాడు చేపలు దొంగిలించినవాడిగానే వార్తకెక్కుతాడు.